స్టార్ లేని రిపోర్టు

జనవరి నెల, ఆదివారం. పదకొండు దాటినా నోయిడాను పొగమంచు వదల్లేదు. మా పై అంతస్తులో ఉండే మిత్రుడు చేతిలో ల్యాబ్ రిపోర్టుతో, ముఖంలో విజయగర్వంతో మెట్లు దిగి వచ్చారు. వయసు 52. సొంతూరు రాజమండ్రి దగ్గర. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఆఫీసరు. పాతికేళ్లుగా ఢిల్లీ నీళ్లు తాగుతున్నా భోజనం ఆవకాయ ముద్దతోనే మొదలుపెట్టే మనిషి. అప్పటికి రెండేళ్ల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు.

"చూడండి, ఒక్క స్టారైనా ఉందేమో!" అంటూ రిపోర్టు నా ముందు పెట్టారు. హద్దు దాటిన అంకె పక్కన ల్యాబ్ వాళ్లు స్టార్ గుర్తు వేస్తారు కదా, ఆయన మాట దాని గురించే. నిజంగానే ఒక్కటీ లేదు. మొత్తం కొలెస్టరాల్ 189. ఎల్‌డీఎల్ 118. హెచ్‌డీఎల్ 42. ట్రైగ్లిజరైడ్లు 145. పక్క కాలమ్‌లో అచ్చువేసిన హద్దులతో పోల్చి చూశాను. అన్నీ లోపలే ఉన్నాయి. "అసలు సంగతి వినండి. కొలెస్టరాల్ మాత్ర మానేసి పది నెలలైంది. మాత్ర లేకుండానే ఇది!" అన్నారు. "భేషుగ్గా ఉంది" అన్నాను. టీ తాగి వెళ్లిపోయారు.

ఏడు వారాల తర్వాత, మార్చి మొదట్లో, తెల్లవారుజామున ఆయనకు రెండోసారి గుండెపోటు వచ్చింది. గ్యాస్ అనుకుని కాసేపు, ట్యాక్సీ కోసం కాసేపు, ఆస్పత్రి చేరేసరికి రెండు గంటలు దాటింది. ప్రాణం దక్కింది. గుండె కండరంలో కొంత భాగం మాత్రం దక్కలేదు. ఇప్పుడు ఒక్క అంతస్తు మెట్లెక్కినా మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సిందే. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న ఆయన భార్య నన్ను అడిగింది ఒక్కటే: "ఆ రోజు రిపోర్టు మీరూ చూశారు కదా అన్నయ్యగారూ?"

చూశాను. చూడాల్సినట్టు చూడలేదు. మాత్ర వేసుకుంటూ ఉంటే ఆ గుండెపోటు కచ్చితంగా ఆగేదని ఏ వైద్యుడూ చెప్పలేడు. మాత్ర ప్రమాదం వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుందే తప్ప హామీపత్రం రాసివ్వదు. కానీ తగ్గించుకోగలిగిన ప్రమాదాన్ని ఆయన పది నెలలపాటు అలాగే వదిలేశారు. ఆయన అలా నిశ్చింతగా ఉండడానికి ఒక కారణం స్టార్ లేని ఆ రిపోర్టు. రెండో కారణం నా 'భేషు'. ఆ కాగితాన్ని ఎలా చదవాలో ఆ తర్వాత నేర్చుకున్నాను. ఈ వారం చెప్పదలచుకున్నది అదే.

మొదట ఆ పక్క కాలమ్ సంగతి. మొత్తం కొలెస్టరాల్ 200 లోపు మంచిది, ఎల్‌డీఎల్ 100 నుంచి 129 దాకా 'దాదాపు మంచిది', ట్రైగ్లిజరైడ్లు 150 లోపు నార్మల్ (అన్నీ డెసిలీటరు రక్తంలో మిల్లీగ్రాములు). మన ల్యాబ్‌లు ఇప్పటికీ అచ్చువేస్తున్న ఈ అంకెల్లో చాలావరకు 2001లో అమెరికా జాతీయ కొలెస్టరాల్ విద్యా కార్యక్రమం ప్రకటించిన పట్టికలోవి. ఆ నివేదిక కూడా అందరికీ ఒకే హద్దు పెట్టలేదు. గుండెజబ్బు ఉన్నవారికి విడిగా లక్ష్యం చెప్పింది. ల్యాబ్ కంప్యూటర్‌కు మాత్రం మీరెవరో తెలియదు. మీకు షుగరుందో లేదో, స్టెంట్ పడిందో లేదో, మీ నాన్నగారు ఏ వయసులో పోయారో దానికి తెలియదు. పాతికేళ్ల కుర్రాడికీ, రెండుసార్లు గుండెపోటు వచ్చినవాడికీ అది ఒకే కాలమ్ అచ్చువేస్తుంది. ఆ కాలమ్‌లోని నార్మల్ సగటు మనిషిది. మీది కాకపోవచ్చు.

మనవాళ్లకు మనవే లెక్కలు కావాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 జులైలో ఢిల్లీలో ఒక మార్గదర్శక పత్రాన్ని విడుదల చేసింది. రక్తంలో కొవ్వుల అదుపుపై ఈ దేశం కోసం రూపొందించిన మార్గదర్శకాలవి. రూపొందించిన బృందానికి ఢిల్లీ సర్ గంగారాం ఆస్పత్రి హృద్రోగ నిపుణుడు డాక్టర్ జె.పి.ఎస్. సాహ్నీ నాయకత్వం వహించారు. అప్పటి సొసైటీ అధ్యక్షుడు డాక్టర్ ప్రతాప్ చంద్ర రథ్ హైదరాబాద్‌లో పనిచేసే వైద్యుడు. ఈ పత్రం సారాంశం ఒక్క మాటలో చెప్పాలంటే, మీ హద్దు మీ ప్రమాదాన్ని బట్టి ఉంటుంది.

ఏ జబ్బూ లేని సామాన్యులకు ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలి. షుగరు, బీపీ వంటివి ఉండి ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి 70 లోపు. గుండెపోటు, గుండెనొప్పి, పక్షవాతం వచ్చినవారికి, దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి 55 లోపు. మా మిత్రుడి 118ని ఇప్పుడు చూడండి. ల్యాబ్ కాలమ్ ప్రకారం అది 'దాదాపు మంచిది'. ఆయన కాలమ్ ప్రకారం ఉండాల్సినదానికి రెట్టింపు పైమాటే. మొదటి పేజీ నిండా స్టార్లు మెరవాల్సిన రిపోర్టది.

ఆ రిపోర్టులో ఇంకో అంకె ఉంది. దాన్ని చాలామంది చూడరు. కొన్ని ల్యాబ్‌లు అసలు వేయవు. మొత్తం కొలెస్టరాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది. దీన్ని 'నాన్ హెచ్‌డీఎల్' అంటారు. రక్తనాళాలకు హాని చేసే కొవ్వు రేణువులన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని, ట్రైగ్లిజరైడ్లు పెరిగి, హెచ్‌డీఎల్ తగ్గే మన భారతీయుల ధోరణికి ఈ అంకె బాగా సరిపోతుంది. దీని లక్ష్యం సామాన్యులకు 130 లోపు, ప్రమాదం ఎక్కువైతే 100 లోపు, గుండెజబ్బు ఉంటే 85 లోపు. మిత్రుడిది 189లోంచి 42 తీస్తే 147. కూడికలు, తీసివేతలు వచ్చిన ఎవరైనా అర నిమిషంలో కనిపెట్టగలిగే ప్రమాదం. నేను కనిపెట్టలేదు.

ఈ జబ్బు ఢిల్లీకి కొత్త కాదు. ఈ నగరంలో హృద్రోగ వైద్యానికి ఆద్యురాలైన డాక్టర్ ఎస్. పద్మావతి తన సహచరులతో కలిసి ఢిల్లీ వాసులు తినే కొవ్వుకూ, వాళ్ల రక్తంలోని కొలెస్టరాల్‌కూ, రక్తనాళాల జబ్బుకూ ఉన్న సంబంధంపై చేసిన పరిశోధన 1959లోనే అమెరికా వైద్య పత్రిక 'సర్క్యులేషన్'లో వచ్చింది. ఆమె 2020లో, 103వ ఏట కన్నుమూశారు. ఆ తర్వాతి తరంలో, హైదరాబాద్ ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి ఎయిమ్స్ హృద్రోగ విభాగాధిపతి అయిన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి వంటివారు మరింత పెద్ద ప్రశ్న వేసుకున్నారు. నగరం మారుతుంటే గుండె ఏమవుతోంది? ఢిల్లీలోను, పక్కనున్న హర్యానా పల్లెల్లోను 1991-94లో ఒకసారి, 2010-12లో మరోసారి సర్వే చేస్తే తేలింది ఇదీ: అధిక రక్తపోటు ఉన్నవారు నగరంలో 23 శాతం నుంచి 42 శాతానికి, పల్లెల్లో 11 నుంచి 29 శాతానికి పెరిగారు. ఇరవై ఏళ్లలో పల్లె ఒకనాటి నగరాన్ని మించిపోయింది, మంచిలో కాదు.

కొవ్వుల విషయంలో దేశమంతటిదీ ఇదే కథ. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పెద్దల్లో 81 శాతం మందికి రక్తంలోని కొవ్వుల్లో ఏదో ఒకటి తేడాగా ఉంది. అంటే నూటికి 19 మందే పూర్తిగా సవ్యం. అందరూ కుంటేవాళ్లే ఉన్న ఊళ్లో కుంటడమే నడక అవుతుంది. చుట్టూ ఉన్నవాళ్లతో పోల్చుకుని 'నాకేం ఫరవాలేదు' అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

వయసు కూడా మనకు కలిసిరాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు దక్షిణాసియా వారికి 53, మిగతా వారికి దాదాపు 59. పిల్లల చదువులు, ఇంటి అప్పు, రిటైర్మెంటు అన్నీ ముందున్న వయసులో మనకు ఆ ఆరేళ్లు తగ్గిపోతున్నాయి.

ఇంతకీ ఎల్‌డీఎల్ చేసే పనేమిటి? కొలెస్టరాల్ లేకపోతే మనిషి లేడు. కణాల గోడలకు, హార్మోన్లకు, పైత్యరసానికి అది కావాలి. కావలసినదాన్ని చాలావరకు శరీరమే తయారుచేసుకుంటుంది. రక్తంలో అది ఎల్‌డీఎల్ అనే రేణువుల్లో ప్రయాణిస్తుంది. ఆ రేణువులు ఎక్కువైతే రక్తనాళం గోడలోకి దూరతాయి. అక్కడ చిక్కుకుని వాపు పుట్టిస్తాయి. ఏళ్ల తరబడి పేరుకుని పూడికవుతాయి. పూడిక అంటే పంపులో చేరిన సున్నంలాంటిదని అనుకుంటాం. నిజానికది పైన పలచటి పొర, లోపల మెత్తటి కొవ్వు ఉన్న కురుపులాంటిది. ఓ రోజు ఆ పొర చిట్లుతుంది. అక్కడ రక్తం గడ్డకడుతుంది. నాళం మూసుకుపోతుంది. అదే గుండెపోటు. అంతకు ముందు రోజు దాకా నొప్పీ, ఆయాసం ఏమీ లేకపోవచ్చు. అందుకే 'నాకు ఏ బాధా లేదు కదా' అన్న మాటకు ఈ జబ్బులో విలువ లేదు.

రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను తీసేసే పని కాలేయానిది. దాని కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే కొక్కేలుంటాయి. వాటిని కనుగొన్నందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. స్టాటిన్ మాత్ర కాలేయంలో కొలెస్టరాల్ తయారీని తగ్గిస్తుంది. దాంతో కాలేయం తన అవసరానికి మరిన్ని కొక్కేలు పెట్టి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. ఈ మందుకు మూలపురుషుడు జపాన్ శాస్త్రవేత్త అకీరా ఎండో. వేల రకాల బూజులను పరీక్షించి, క్యోటోలోని ఓ బియ్యం దుకాణంలో దొరికిన బూజు నుంచి 1973లో మొదటి స్టాటిన్‌ను వేరుచేశారు. 2024 జూన్‌లో, 90 ఏళ్ల వయసులో పోయారు. ఎల్‌డీఎల్ 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు ఐదో వంతుకు పైగా తగ్గుతాయని లక్షా 70 వేల మందిపై జరిగిన 26 అధ్యయనాల్ని కలిపి చూసిన విశ్లేషణ 2010లో తేల్చింది.

మాత్ర మానేస్తే ఏమవుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. కాలేయం మళ్లీ పాత పద్ధతికి వెళ్లిపోతుంది. కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ మొదటి చోటికే వస్తుంది. మా మిత్రుడి కథలో జరిగిందదే. స్టెంట్ వేసినప్పుడు రాసిన మాత్రతో ఏడాదిలో ఎల్‌డీఎల్ 58కి దిగింది. అది చూసి ఆయన సంతోషించారు. తర్వాత భయపడ్డారు, మరీ తగ్గిపోయిందని. ఆఫీసులో ఎవరో కొలెస్టరాల్ తగ్గితే మెదడు మొద్దుబారుతుందన్నారు. మొదట రోజు విడిచి రోజు వేసుకున్నారు. తర్వాత మానేశారు. రిపోర్టు బాగుందంటే అర్థం మాత్ర పనిచేస్తోందని. జబ్బు పోయిందని కాదు. గొడుగు కింద తడవడం లేదని వానలో గొడుగు మూసేస్తామా?

ఆ 58 నిజానికి తక్కువ కాదు. ఆయన లక్ష్యానికి ఇంకా మూడు పాయింట్లు ఎక్కువే. పుట్టిన పసిబిడ్డ రక్తంలో ఎల్‌డీఎల్ 30 ప్రాంతంలో ఉంటుంది. మెదడు, ఒళ్లు అన్నీ వేగంగా పెరిగే కాలమది. 2017లో ఫలితాలు వెలువడిన ఫోరియర్ అధ్యయనంలో 27 వేల మందికి పైగా రోగులు పాల్గొన్నారు. వారిలో ఇంజెక్షన్ తీసుకున్నవారి ఎల్‌డీఎల్ 30 దాకా దిగింది. గుండెపోట్లు తగ్గాయి తప్ప ఆ తక్కువ అంకె వల్ల కొత్త ముప్పేదీ బయటపడలేదు.

ఇక కండరాల నొప్పులు. స్టాటిన్ అనగానే మొదట వినిపించే మాట ఇదే. నిజంగా నొప్పులొచ్చేవాళ్లు కొందరున్నారు. వాళ్ల సంఖ్య మాత్రం మనం అనుకునేంత కాదు. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2020లో ఓ చక్కటి పరీక్ష ప్రచురించారు. నొప్పుల కారణంగా స్టాటిన్ మానేసిన 60 మందికి ఏడాదికి 12 సీసాలిచ్చారు. నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీవి. ఏ మాత్రా లేని నెలలతో పోలిస్తే స్టాటిన్ నెలల్లో బాధలు పెరిగాయి. కానీ ఉత్తుత్తి మాత్రల నెలల్లోనూ దాదాపు అంతే పెరిగాయి. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. బాధ అబద్ధం కాదు. దానికి కారణం చాలావరకు మందు కాదు, మాత్ర వేసుకున్నామన్న బెంగ. ఈ సంగతి తెలిశాక వారిలో సగం మంది మళ్లీ మాత్ర మొదలుపెట్టారు.

షుగరు సంగతేమిటి? స్టాటిన్ వల్ల, ముఖ్యంగా షుగరు అంచున ఉన్నవారిలో, అది బయటపడే అవకాశం స్వల్పంగా పెరుగుతుంది. ఇది నిజం. అయితే గుండెజబ్బు ప్రమాదం ఉన్నవారికి మాత్ర చేసే మేలు దానికంటే చాలా ఎక్కువ. కాలేయం దెబ్బతినడం అరుదు. అనుమానముంటే రక్తపరీక్షతో తెలిసిపోతుంది. గర్భిణులు, గర్భం ధరించాలనుకునేవారు మాత్రం మందు విషయం ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. నొప్పో, అనుమానమో వస్తే చేయాల్సింది డాక్టర్ దగ్గరికి వెళ్లడం. మోతాదు తగ్గించవచ్చు, ఇంకో స్టాటిన్‌కు మార్చవచ్చు. ఎవరికీ చెప్పకుండా మానేయడం ఒక్కటే తప్పు. ఇది ఖరీదైన మందూ కాదు. అటోర్వాస్టాటిన్ అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉంది. జన ఔషధి దుకాణాల్లో చౌకగా దొరుకుతుంది.

"మరి తిండి?" అని మీరు అడుగుతారు. ఢిల్లీలో ఇది అడగాల్సిన ప్రశ్నే. ఇంట్లో పప్పు, కూర, పెరుగు. బయట ఛోలే భటూరే, ఆలూ పరాఠా, సమోసా. ఆదివారం ఆంధ్రా భవన్‌లో పూరీ, పొడి, నెయ్యి. రెండు సంస్కృతుల నూనెనూ ఒకే కడుపు మోస్తుంది. తిండి మార్చుకోవడం అందరికీ అవసరం. ప్రమాదం తక్కువగా ఉన్నవారికి ఒక్కోసారి అదే చాలు. కానీ దాని శక్తి ఎంతో తెలుసుకోవాలి. జాగ్రత్తగా తింటే ఎల్‌డీఎల్ సాధారణంగా 10, 15 శాతం తగ్గుతుంది. 118 అలా 100కి రావచ్చు. 55కి రాదు. స్టెంట్ పడినవాడు మాత్ర మానేసి వెల్లుల్లి, మెంతులు నమ్ముకుంటే లెక్క కుదరదు.

నూనె డబ్బా మీద 'కొలెస్టరాల్ లేదు' అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ అది ఉండదు. మంచినీళ్లలో ఎముకలు లేవని రాసుకోవడం లాంటిదే ఇది. చూడాల్సింది సంతృప్త కొవ్వును. నేతిలో అది దాదాపు 60 శాతం, పామాయిల్‌లో సగం, కొబ్బరినూనెలో 90 శాతం దాకా ఉంటుంది. పల్లీ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఆవ నూనెల్లో చాలా తక్కువ. ఆరోగ్యవంతుడు వేడి అన్నంలో చెంచాడు నెయ్యి వేసుకుంటే కొంప మునగదు. గరిటెడు వేసుకుంటేనే చిక్కు. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు ఇంకా చెడ్డది. అది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది, హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. ఆహార ప్రమాణాల సంస్థ 2022 జనవరి నుంచి దాన్ని 2 శాతానికి పరిమితం చేసింది. కానీ వీధి చివర బాణలిలో పొద్దున్నుంచి మరుగుతున్న నూనెకు ఏ చట్టం అడ్డొస్తుంది? నల్లబడిన నూనె కనిపిస్తే ముందుకు నడిచెయ్యండి.

తెలుగువారి అసలు చిక్కు నూనె కంటే అన్నంలో ఉంది. పెద్ద కంచం నిండా తెల్లన్నం, పైన తీపి, సాయంత్రం రెండు చక్కెర టీలు, వారాంతంలో రెండు పెగ్గులు. మిగిలిపోయిన పిండిపదార్థాన్ని, మద్యాన్ని కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మారుస్తుంది. అన్నం కొలత తగ్గించి, పప్పు, కూరలు పెంచండి. పప్పులు, శనగలు, ఓట్స్, బార్లీ, ఇసబ్‌గోల్‌లోని నీటిలో కరిగే పీచు ఎల్‌డీఎల్‌ను కూడా కొద్దిగా దించుతుంది. వేయించిన చిరుతిళ్ల బదులు గుప్పెడు బాదం, వేరుశనగలు తినండి. సిగరెట్ గురించి వేరే చెప్పనక్కర్లేదు. రోజూ అరగంట వడివడిగా నడవండి. కానీ ఢిల్లీలో నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజాము నడక మంచిది కాదు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. గాలిలోని సన్నటి ధూళి గుండెకు కూడా హానికరం. ఎండ వచ్చాక, గాలి నాణ్యత సూచీ చూసుకుని బయల్దేరండి. సూచీ మరీ చెడ్డగా ఉన్న రోజు ఇంట్లోనే కాళ్లూ చేతులూ ఆడించండి.

మాత్ర ఒక్కటే చాలనివారూ ఉన్నారు. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ మరో 6 శాతమే దిగుతుంది. అందుకే పేగుల్లో కొలెస్టరాల్ శోషణను అడ్డుకునే ఎజెటిమైబ్ జతచేస్తారు. ఈ జోడీతో గుండెపోట్లు మరికొన్ని తగ్గుతాయని 18 వేల మందిపై జరిగిన ఇంప్రూవ్-ఇట్ అధ్యయనం 2015లో చూపింది. అదీ చాలకపోతే ఇంజెక్షన్లున్నాయి. వాటిలో ఇన్‌క్లిసిరాన్‌ను మొదటి రెండు డోసుల తర్వాత ఆరు నెలలకోసారి వేసుకుంటే చాలు. ఖరీదు మాత్రం ఎక్కువ.

మార్గదర్శకాల్లో మన ఇళ్లకు పనికొచ్చే మాటలు మరి రెండున్నాయి. మొదటి కొవ్వు పరీక్ష 18 ఏళ్లకే చేయించాలి. ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారుంటే ఇంకా ముందే. మొదటి పరీక్షకు పరగడుపున వెళ్లాల్సిన పని కూడా లేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువని తేలితేనే పరగడుపున మళ్లీ చేస్తారు. రెండో మాట లైపోప్రోటీన్ (ఎ) గురించి. ఇది వంశపారంపర్యంగా వచ్చే కొవ్వు రేణువు. తిండితో, నడకతో పెద్దగా మారదు. ప్రతి నలుగురు భారతీయుల్లో ఒకరికి ఇది 50 మిల్లీగ్రాములు దాటి ఉంటుందని ఆ పత్రం చెబుతోంది. జీవితంలో ఒక్కసారి చూపించుకుంటే చాలు. ఎక్కువుంటే మిగతా అన్నింటినీ మరింత గట్టిగా అదుపు చేసుకోవాలి.

ఎల్‌డీఎల్ 190 దాటితే అది తిండి వల్ల వచ్చింది కాకపోవచ్చు. జన్యువుల్లోనే కొక్కేల లోపం ఉండే కుటుంబాలున్నాయి. అలాంటప్పుడు తోబుట్టువులకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించాలి. మేనరికాలు చేసుకునే మన కుటుంబాల్లో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. భార్యాభర్తలిద్దరిలోనూ ఆ లోపం ఉంటే బిడ్డకు రెండువైపుల నుంచీ రావచ్చు. అలాంటి బిడ్డకు చిన్నతనంలోనే గుండెజబ్బు వచ్చే ప్రమాదముంది.

ఇదంతా మా మిత్రుడి కుటుంబం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. ఆయన ఇప్పుడు రెండు మాత్రలు వేసుకుంటున్నారు. ఇరవై నాలుగేళ్ల కొడుకు కూడా పరీక్ష చేయించుకున్నాడు. ఎల్‌డీఎల్ 141 అని తేలింది. తండ్రికి యాభై ఏళ్లకే మొదటి గుండెపోటు వచ్చిందన్న సంగతి డాక్టర్ అతని కాగితాల్లో రాసుకున్నారు. అతను ప్రస్తుతం సిగరెట్, సమోసా రెండూ మానేశాడు. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష.

మీ ఇంట్లో బీరువా అడుగున ఉన్న పాత రిపోర్టు ఒకసారి బయటికి తీయండి. పక్క కాలమ్‌ను చేత్తో మూసేయండి. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. మీకు షుగరుందా, బీపీ ఉందా, గుండెపోటు వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అన్నది అదే కాగితం మీద రాయండి. దాన్ని తీసుకెళ్లి డాక్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "నాకు ఎంత ఉండాలి?" ఆయన చెప్పిన అంకెను రాసుకోండి.

పోయిన నెల మిత్రుడి కొత్త రిపోర్టు వచ్చింది. ఎల్‌డీఎల్ 49. అచ్చువేసిన హద్దును కొట్టేసి పక్కన ఎర్ర పెన్నుతో ఆయనే 55 అని రాసుకున్నారు. ఈసారి మెట్లు దిగి రాలేదు. నేనే పైకి వెళ్లాను. ఆయన భార్య రిపోర్టు తెచ్చి నా చేతికిచ్చి ఎదురుగా నిలబడింది. నేను భేషు అనలేదు. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగాను.